తొంభై ఒకటో నంబరు

మా ఆయన ఏదైనా వస్తువును బాగుచేశారంటే, ఆ తర్వాత దాన్ని పాత ఇనప సామానువాడు కూడా తూకానికి తీసుకోడు. మిక్సీ బాగుచేస్తే పచ్చడి గోడకు అంటింది. ఇస్త్రీపెట్టె బాగుచేస్తే వీధి వీధంతా చీకటైంది. ఫిజిక్స్ లెక్చరర్ అల్లుడైతే కరెంటు పనులకు కొదవుండదని మా నాన్న పెళ్లిచూపులనాడు తెగ మురిసిపోయాడు. నిజమే, కొదవ లేదు. ఒకటి తీరేలోపు ఇంకొకటి తయారుగా ఉంటుంది.

పదహారేళ్లుగా ఇవన్నీ నవ్వుకోవడానికి పనికొచ్చాయి. మంగళవారం ఆయన బాగుచేసింది మాత్రం మిక్సీ కాదు. మామయ్యగారి నోరు.

ఇవాళ శుక్రవారం. నాలుగు రోజులుగా మా ఇంట్లో మామయ్యగారి మాట వినపడలేదు.

“మళ్లీ ఒక్కసారి నొక్కండి మామయ్యగారూ,” అన్నాను.

మంచానికి ఆనించిన చక్రాల బల్ల మీద కంప్యూటర్. ఆయన ఎడమచేతిని కీబోర్డు మీద సర్దిపెట్టాను. ఒంట్లో ఆయన చెప్పినట్టు వినేవి ఆ చేతి చూపుడువేలు, బొటనవేలు మాత్రమే. చూపుడువేలు కదలడానికి కొంతసేపు పట్టింది. మీట మీద వాలింది. లేవడానికి ఇంకొంతసేపు పట్టింది.

ఆలోగా తెర మీద ఒకే గుర్తు నలభైసార్లు పడింది. అది అక్షరం కూడా కాదు, ఖాళీ డబ్బా. మిర్చియార్డులో టిక్కీ బస్తాలు పేర్చినట్టు తెర నిండా డబ్బాలు.

అత్తయ్యగారు పాల గ్లాసుతో వచ్చి తెర వంక చూశారు.

“ఏమంటున్నారే?”

“డబ్బాలంటున్నారు అత్తయ్యా.”

“వేళాకోళానికి వేళాపాళా ఉండక్కర్లా నీకు?”

నాకది వేళాకోళం కాదు. నవ్వులో పెట్టకపోతే ఆ మాట నా గొంతు దాటి రాదు, అంతే.

ఆ జబ్బుకు డాక్టర్లు పెట్టిన పేరు పెద్దది. మా ఇంట్లో ‘నరాల జబ్బు’ అంటాం. ఏడాది కిందట ముందుగా ఆయన గొంతు పట్టుకెళ్లింది. గుంటూరు మిర్చియార్డులో ముప్పై ఏళ్లు దలాలీ చేసిన గొంతు అది. చెంచురామయ్యగారు ఈ కొసన కేకేస్తే ఆ కొసన హమాలీలు బస్తా దించి నిలబడేవారట. తర్వాత కాళ్లు పోయాయి. తర్వాత కుడిచెయ్యి. బుర్ర మాత్రం పాదరసంలా ఉంది.

అప్పుడే టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపే స్తుతి వచ్చి, తెలుగు టైపు చేసే ఎడిటర్‌ను ఆయన రెండు వేళ్లకు కొలతపెట్టి కుట్టినట్టు అమర్చింది. మీట ఎంతసేపు నొక్కిపట్టినా ఒక్క అక్షరమే పడేట్టు చేసింది. అన్నిటికన్నా గొప్పది నంబర్ల ఏర్పాటు. ఒక్కో మాటకు ఒక్కో నంబరు. నంబరు కొట్టి కిందనున్న పొడుగు మీట నొక్కితే వాక్యం మొత్తం తెర మీదికి వచ్చేది.

ఒకటి, మంచినీళ్లు. రెండు, పక్కకు తిప్పండి. పద్నాలుగు, అత్తయ్యగారికి, ‘సుబ్బులూ, ఏడవకు.’ ఇరవైమూడు, ‘అమ్మాయ్, కూరలో ఉప్పెక్కువైంది, నాకు పెట్టకపోయినా వాసనే చెబుతోంది.’ నలభై, మా ఆయనకు, ‘ఒరేయ్ ప్రేమూ, అరవకు.’

ఆ నంబర్లతో ఆయన మళ్లీ ఇంటి పెద్దయ్యారు. అత్తయ్యగారితో పోట్లాడారు. నా వంటకు వంకలు పెట్టారు. కొత్త మాట కావాలంటే గంటసేపు అక్షరం అక్షరం కూడబలికి రాసుకుని, దానికో నంబరిచ్చి, ఆ ఫైల్‌లో చేర్చుకునేవారు.

మంగళవారం మధ్యాహ్నం నేనూ అత్తయ్యగారూ పక్కవీధిలో పేరంటానికి వెళ్లి వచ్చేసరికి మా ఆయన కంప్యూటర్‌లో పాత విండోస్ తీసి కొత్తది ఎక్కించి కూర్చున్నారు. అక్షరాలు డబ్బాలయ్యాయి. నంబర్లు ఉత్త నంబర్లయ్యాయి.

ఇప్పుడు ఆయన తల దువ్వుకుంటూ గదిలోకి వచ్చారు.

“ఫాంట్ ప్రాబ్లం. కొత్తది కదా, సర్దుకోవాలి,” అన్నారు, అద్దంలో చూస్తూ.

“కొత్తకోడలు కూడా మూడోరోజుకి సర్దుకుంటుంది. దీనికి నాలుగోరోజు.”

“ఆదివారం కూర్చుంటాను దాని మీద.”

“సోమవారం ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. ఆదివారం కూర్చుంటే ఏం లాభం? స్తుతికి ఫోన్ చేస్తే గంటలో వస్తుంది.”

“వద్దు.”

నా మాట పూర్తికాకముందే అనేశారు. తర్వాత ఆయనకే బాగాలేనట్టుంది, గొంతు తగ్గించారు. “ప్రతిదానికీ బయటివాళ్లెందుకు? నేనున్నాగా.”

సోమవారం సంగతి ఇది. మామయ్యగారికి ఊపిరి అందడం తగ్గుతోంది. మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం వేసి, మిషన్‌కు తగిలిస్తే ఏడాది, అదృష్టముంటే రెండేళ్లు అన్నాడు డాక్టరు. వేయకపోతే వానాకాలం చూడటం కష్టమన్నాడు. వేశాక మాత్రం ఇంటికి తిరిగి రావడం అనుమానమే అన్నాడు. చివరికి ఇంకో మాట కూడా అన్నాడు. “పేషెంటు ఒప్పుకుంటేనే చేస్తాను. మీ మాట కాదు, ఆయన మాట కావాలి నాకు.”

ఆ మాట అడగాల్సిన వారంలోనే ఆయన నోరు పోయింది.

మా ఆయన మంచం దగ్గరికొచ్చి వంగారు. “నాన్నా, సోమవారం వెళ్దాం. అంతా బాగవుతుంది. సరేనా? సరే అయితే కళ్లు మూసుకో.”

మామయ్యగారు కళ్లు మూయలేదు. కొడుకు మొహంలోకే చూస్తూ ఉండిపోయారు.

మా ఆయన కదల్లేదు. అత్తయ్యగారు చంచా గ్లాసులోనే వదిలేసి చూస్తున్నారు. గోడగడియారం తన పని తాను చేసుకుంటోంది. చాలాసేపటికి ఆ కళ్లు మూతపడ్డాయి.

“చూశావా అమ్మా? సరేనన్నాడు.”

“కన్నన్నాక ఎప్పటికో ఒకప్పుడు మూతపడక తప్పదండీ,” అన్నాను. “అలా గంటసేపు నిలబడి చూస్తే ఆ కిటికీరెక్క కూడా సరేనంటుంది.”

మామూలుగా అయితే దానికి దీటుగా ఒకటి తగిలించేవారు. ఈసారి నా వైపు చూడను కూడా లేదు. టిఫిన్ ముట్టకుండా స్కూటర్ తీశారు.

“ఏడాది ఇస్తానంటుంటే వద్దనడానికి నువ్వెవరివే?” అత్తయ్యగారు నా వైపు తిరిగారు.

“నేను వద్దనలేదు అత్తయ్యా. ఆయనేమంటారో విందామంటున్నాను.”

“నలభైరెండేళ్లు కాపరం చేశాను. ఆయనేమంటారో నాకు తెలియదా?”

ఆ మాటకు మామయ్యగారు కళ్లు తెరిచారు. అత్తయ్యగారు చూడలేదు. పాల గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

*

మధ్యాహ్నం ఇమాం హుస్సేన్‌గారు వచ్చారు. మామయ్యగారితో కలిసి దలాలీ చేసిన మనిషి. వారానికొకసారి యార్డు నుంచి తిన్నగా ఇక్కడికే వస్తారు. ఆయన గుమ్మం ఎక్కకముందే మిర్చి ఘాటు ఇల్లెక్కుతుంది.

“ఏరా చెంచూ! నువ్వు లేక యార్డులో తుమ్ములు కూడా సరిగ్గా రావట్లేదురా.”

“ఆ తుండు అవతల పెట్టి రా అన్నయ్యా,” అన్నారు అత్తయ్యగారు. “ఆ ఘాటుకి అసలే ఆడని ఊపిరి ఆగిపోతుంది.”

ఆయన పెరట్లోకి వెళ్లి, పంపు కింద తుండుగుడ్డ రెండుసార్లు ఉతికి, పిండి, తడిగుడ్డ భుజాన వేసుకుని వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. కంప్యూటర్ సంగతి చెప్పాను. డబ్బాలు చూపించాను. ఆయన తెర వంక, నా వంక, తర్వాత మామయ్యగారి చేతి వంక చూశారు.

“మాకెందుకమ్మా ఇదంతా,” అన్నారు. తడితుండు తీసి మామయ్యగారి ఎడమచేతి మీద కప్పి, తన చెయ్యి కూడా దాని కిందికి పోనిచ్చారు.

ఆ పద్ధతి నేను పెళ్లయిన కొత్తలో చూశాను. పదిమంది మధ్య నిలబడి, తుండు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కుతూ బేరం తేల్చుకునేవాళ్లు. మొహాల్లో ఏమీ కనపడదు. పైకి వాన గురించి మాట్లాడుకుంటూ ఉంటారు.

“చూపుడువేలు పది, బొటనవేలు ఒకటి. తొందరేం లేదు, నా బస్సు ఆరింటికి,” అన్నారు హుస్సేన్‌గారు. కళ్లు పైకప్పు మీద పెట్టి లెక్క మొదలుపెట్టారు. “పది… ఇరవై… ముప్పై…”

చాలాసేపు పట్టింది. తుండు కింద కదలిక బయటికి కనిపించడమే లేదు.

“తొంభై. ఇంకొకటి. తొంభై ఒకటి.” ఆయన మామయ్యగారి మొహంలోకి చూశారు. “తొంభై ఒకటేంట్రా? సరుకు పేరు చెప్పకుండా రేటు చెప్తావేంటి?”

మళ్లీ తొంభై ఒకటి. కాసేపాగి మళ్లీ అదే.

అప్పుడు చూశాను. మామయ్యగారి కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి దిగుతున్నాయి.

“చెప్పానా, ఆ ఘాటు పడదని!” అత్తయ్యగారు కొంగుతో తుడవబోయారు.

“తుండు ఉతికాను చెల్లెమ్మా,” అన్నారు హుస్సేన్‌గారు నెమ్మదిగా.



వెళ్తూ వెళ్తూ వాకిట్లో ఆగారాయన. “అమ్మాయ్, తొంభై ఒకటంటే ఏం మాట?”

“తెలీదు బాబాయ్‌గారూ. తొంభై వరకూ చూశాను. పోయినవారం చేర్చారు, ‘ఆ కాకిని తోలండి, మతిపోతోంది’ అని. తొంభై ఒకటి ఎప్పుడు రాసుకున్నారో నేను చూడలేదు.”

“అదేంటో కనుక్కో. వాడూ నేనూ ముప్పై ఏళ్లు ఒక్క తుండు కింద బేరాలు చేశాం. మా లెక్కలో ఒకే సంఖ్య మూడుసార్లు నొక్కితే ఇక బేరం లేదని. అక్కణ్ణించి దిగడు, ఎక్కడు.” చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ ఆగారు. “అది వాడి ఆఖరిమాటమ్మా.”

ఆయన వీధి మలుపు తిరగ్గానే లోపలికెళ్లి స్తుతికి ఫోన్ చేశాను. మొగుడు వద్దన్న పని చేయడం నాకిదే మొదటిసారి అని రాస్తే మా అత్తయ్యగారు నవ్వుతారు కాబట్టి రాయను.

*

శనివారం పదకొండింటికి స్తుతి వచ్చింది. పాస్టరుగారమ్మాయి. పాతికేళ్లకే నెత్తిన ఇన్‌స్టిట్యూట్ వేసుకుని, టైపు మిషన్లు అటకెక్కించి ఆరు కంప్యూటర్లు పెట్టింది. మంచం దగ్గరికెళ్లి మామయ్యగారి వేళ్లు పట్టుకుని, “నాలుగు రోజులు మాట్లాడకుండా ఎలా ఉన్నారు తాతగారూ, నేనైతే గంటలో పగిలిపోదును,” అంది. ఆయన కళ్ల చివర ముడతలు పడ్డాయి. అది నవ్వు.

“ముందు మీటల సంగతి చూద్దాం అక్కా.” ఏదో తెరిచింది, ఏదో గడిలో టిక్కు పెట్టింది. “నొక్కిపడితే అక్షరం మళ్లీ మళ్లీ పడటం ఏ కంప్యూటర్‌లోనైనా మామూలే. పాతదాంట్లో నేను ఆపిపెట్టాను. కొత్తది వచ్చాక మళ్లీ మొదటికొచ్చింది. ఎడిటర్ తప్పేం లేదు.”

మామయ్యగారు మీట నొక్కారు. ఒక్క డబ్బానే పడింది.

“ఇప్పుడు ఫాంట్.” సంచిలోంచి సీడీ తీసింది. కాసేపు ఎక్కించింది. ఎడిటర్ మూసి, మళ్లీ తెరిచింది. డబ్బా ఉన్నచోట ‘క’ ఉంది.

అత్తయ్యగారు తెరకు దణ్ణం పెట్టారు.

“నంబర్లు?” అన్నాను.

స్తుతి ఒకటి కొట్టి పొడుగు మీట నొక్కింది. మంచినీళ్లు రాలేదు. ఒకటి అంకె అలాగే కూర్చుంది.

తర్వాత అరగంట ఆ పిల్ల నోరు మెదపలేదు. ఫోల్డర్లు తెరుస్తుంది, మూస్తుంది. మధ్యలో ఒకసారి చెయ్యాపి, చదివిందే మళ్లీ చదివింది. నా వైపు తిరిగి ఏదో అనబోయి, అత్తయ్యగారిని చూసి ఊరుకుంది.

అప్పుడే స్కూటర్ చప్పుడైంది.

మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. “స్తుతిగారు ఎప్పుడొచ్చారు?”

“అక్క ఫోన్ చేసింది సార్.”

ఆయన నన్ను చూసిన చూపులో కోపం ఉంటుందనుకున్నాను. భయం ఉంది. పదహారేళ్లలో ఆయన నన్ను చూసి భయపడటం ఎప్పుడూ ఎరుగను.

“నంబర్ల ఫైల్ ఒక్కటీ కనపడట్లేదు సార్.”

“కొత్తది ఎక్కించినప్పుడు పోయుంటుంది.”

“అలా పోదు సార్. ఇల్లు మారినట్టే ఇది. సామాను గదులు మారింది కానీ, వేరేచోట అంతా పదిలంగానే ఉంది. నేను పెట్టిన సెట్టింగులన్నీ దొరికాయి. ఒక్క పెట్టె మాత్రం బండి ఎక్కకముందే దిగిపోయింది.” తెర మీద ఒక వరస చూపించింది. “ఎడిటర్ చివరిగా ఏయే ఫైళ్లు తెరిచిందో ఇక్కడ రాసిపెట్టుకుంటుంది. నంబర్ల ఫైల్‌ను ఆఖరిసారి ఫ్లాపీలోంచి తెరిచారు. మంగళవారం మూడూ ఇరవైకి. ఎవరో దాన్ని ఫ్లాపీలోకి తీసి, సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుని, ఇక్కణ్ణించి తీసేశారు. కొత్త విండోస్ ఎక్కించింది ఆ తర్వాతే.”

“ఎవరో అంటావేంటి?” అత్తయ్యగారు నా మీదికి తిరిగారు. “పొద్దస్తమానం దాని ముందు కూర్చునేది నువ్వే కదుటే! ఏం నొక్కావో ఏమో!”

“మంగళవారం మూడింటికి మనిద్దరం పేరంటంలో ఉన్నాం అత్తయ్యా. వాయనం శనగలు మూటగట్టుకుంది మీరే.”

అత్తయ్యగారి మనసులో లెక్క నడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఆ వేళప్పుడు ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఒకరు మంచం దిగలేరు.

ఆ లెక్క ఎవరూ పైకి తేల్చలేదు. స్తుతి సీడీని సంచిలో పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

టక్కుమని మీట చప్పుడైంది.

మామయ్యగారి వేలు కదులుతోంది. నంబర్లు కాదు. ఒక్కో అక్షరం. ఒక్కోదానికీ వేలు వెతుక్కుంటోంది, వాలుతోంది, ఆగుతోంది. మేమంతా తెర వైపు తిరిగాం. నాలుగు రోజుల తర్వాత ఆయన మొదటి మాట అది. నీళ్లడుగుతారేమో అనుకున్నాను. తొంభై ఒకటేమిటో చెబుతారేమో అనుకున్నాను.

వా.

ణ్ణే.

మీ.

పది నిమిషాలు పట్టింది పూర్తవడానికి. కళ్లజోడు లేక అత్తయ్యగారికి తెర ఆనదు.

“ఏమంటున్నారే? చదువు.”

“‘వాణ్ణేమీ అనకండి’ అంటున్నారు అత్తయ్యా.”

“ఎవర్ని?”

నేను మా ఆయన వైపు చూశాను. ఆ మంచం మీద పడుకున్నవాళ్లకు తెర తిన్నగా కనపడుతుంది. మంగళవారం మూడూ ఇరవైకి కూడా కనపడి ఉంటుంది. కొడుకు తన మాటలన్నీ తీసి ఫ్లాపీలో పెట్టుకోవడం ఆయన పడుకుని చూశారు. ఆపమని అరవడానికి గొంతు లేదు. నాలుగు రోజులు ఆ సంగతి కడుపులో పెట్టుకుని, నోరు తిరిగొచ్చిన వెంటనే అన్న మాట ఇది.

మా ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టారు. నల్లటి ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టారు. ఈ నాలుగు రోజుల్లో నాలుగు చొక్కాలు ఉతికాను. ఒక్కదాని జేబులో కూడా అది దొరకలేదు. రోజూ పొద్దున్నే ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకున్నారన్నమాట.

“స్తుతిగారూ, వేసెయ్యండి,” అన్నారు.

ఆ పిల్ల వేసింది. రెండు నిమిషాల పని. తర్వాత, “ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు చూస్తుంటారు అక్కా,” అని సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆపలేదు నేను. ఆ అమ్మాయికున్న ఇంగితం మా ఇంట్లో సగం మందికి ఉన్నా చాలు.

మామయ్యగారి వేలు తొమ్మిది మీద వాలింది. తర్వాత ఒకటి. బొటనవేలు పొడుగు మీట నొక్కింది.

తెర మీదికి మూడు వరసలు ఒక్కసారిగా వచ్చి నిలబడ్డాయి.

“చదవవే,” అన్నారు అత్తయ్యగారు.

చదివాను, మనసులో. పైకి చదవడానికి నోరు రాలేదు. వేళాకోళం దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

“నేను చదువుతానమ్మా,” అన్నారు మా ఆయన. తెర వైపు చూడలేదు. చూడకుండానే చెప్పారు. “‘ప్రేమూ, మెడకు గొట్టం వేయించొద్దు. ఇక్కడే, ఈ కిటికీ పక్కనే పోతాను. అమ్మకు నువ్వు చెప్పు. నేను చెబితే ఏడుస్తుంది.’”

అత్తయ్యగారు ఏడవలేదు. మంచంపట్టె పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చున్నారు.

“ఎప్పుడు చదివావురా ఇది?”

“మంగళవారం పొద్దున. మీరు లేవకముందు నాన్న నన్ను కళ్లతో పిలిచి, ఆ నంబరు కొట్టి చూపించాడు.”

“నాకు చెప్పమని రాశాడు కదరా.”

“రాశాడు.”

“చెప్పలేదే.”

మా ఆయన ఖాళీ జేబు తడుముకున్నారు.

“చెప్పకపోతే పోయావు. ఆయన నోరెందుకు నొక్కావురా?” అత్తయ్యగారి గొంతు లేచింది. “ఆ జబ్బు నొక్కింది చాల్లేదా, నువ్వు కూడా నొక్కాలా?”

“మరి ఆ ఒక్క వరస చెరిపేస్తే పోయేదిగా,” అన్నాను నేను. అడగాలని అడిగింది కాదు, నోటికొచ్చేసింది. “మంచినీళ్లూ పక్కకు తిప్పడం ఏం పాపం చేశాయి? నాలుగు రోజులు ఆయనకు దాహమేసిందో లేదో కూడా తెలియకుండా…”

“చెరపబోయాను.” ఆయన తన చేతుల్ని చూసుకున్నారు. “చెరిపితే మళ్లీ రాస్తాడు. గంట కాకపోతే రెండు గంటలు కూర్చుని రాస్తాడు. నాన్న మొండితనం నీకు తెలుసుగా. అసలు రాయడానికే లేకుండా చేస్తే, సోమవారం దాకా… డాక్టరు అడిగినప్పుడు కళ్లు మూస్తే సరిపోతుందనుకున్నాను. ఒక్కసారి మిషన్ పెట్టేశాక మళ్లీ నంబర్లన్నీ ఇచ్చేద్దామనుకున్నాను జ్యోతీ. ఒట్టు. అందుకే పారెయ్యలేదు.”

“మీ నాన్న చూస్తుండగానే?” అన్నాను.

“చూస్తున్నాడని తెలుసు. అటు తిరగలేదు.”

వంటింట్లో పాలు పొంగి స్టవ్ మీద పడిన వాసన వస్తోంది. ఎవరం లేవలేదు.

“అయితే ఇప్పుడేంటి?” అన్నారు అత్తయ్యగారు, నేల మీది నుంచే. “ఆయన రాశాడని పంపించేద్దామా? ఆయనెవర్రా వద్దనడానికి? నేనడిగానా ఆయన్ని? నేనొప్పుకోను. ఎన్ని నంబర్లు కొట్టినా ఒప్పుకోను.”

మామయ్యగారి వేలు లేచింది. ఒకటి మీద వాలింది. తర్వాత నాలుగు మీద. పద్నాలుగు. బొటనవేలు పొడుగు మీట దాకా వెళ్లింది, అక్కడే ఆగిపోయింది. ఆ మాట తెర మీద పడకముందే, ఆవిడ ఏడుపు మొదలుపెట్టారు.

మా ఆయన మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. తండ్రి చేతిని కీబోర్డు మీంచి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకున్నారు. పిల్లలకు పాఠం చెప్పే మనిషి. మాటకు తడుముకోవడం నేనెప్పుడూ చూడలేదు.

“తప్పు చేశాను నాన్నా,” అన్నారు. “నువ్వు బతకాలని నీ మాట చంపేశాను. తప్పు నాదే. కానీ సోమవారం ఆ డాక్టరుకు గొట్టం వద్దని నా నోటితో నేను చెప్పలేను.”